రైతు సొంత గాలిమర: రాయలసీమలో పర్యావరణ ప్రభావ మదింపు

రైతు తన పొలంలో, తన ఖర్చుతో, తన బోరుకో ఇంటికో కరెంటు కోసం గాలి టర్బైన్ నిలబెట్టుకునే ముందు, అది నేలకూ నీటికీ పశుపక్ష్యాదులకూ ఇరుగుపొరుగుకూ ఏం చేస్తుందో లెక్కకట్టడమే ఈ మదింపు. ఇలాంటి మర సామర్థ్యం సాధారణంగా 1 నుంచి 10 కిలోవాట్లు. కొండల మీద కంపెనీలు నిలిపేవి 800 కిలోవాట్ల నుంచి 3 మెగావాట్లకు పైదాకా ఉంటాయి. రెంటినీ జనం ‘ఫ్యాన్లు’ అనే అంటారు గానీ, నేల మీద పడే భారం చూస్తే వాటికి పోలిక లేదు. ఆ తేడా పట్టించుకోకపోతే చిన్న మర మీద లేని నిందలు పడతాయి, పెద్ద మరకు రాకూడని మంచిపేరు వస్తుంది.

పల్లెకు గాలిమర కొత్తేమీ కాదు. 1980లలో కేంద్ర ప్రభుత్వం నీళ్లు తోడే గాలిమరలను దేశమంతటా ప్రదర్శన కోసం పంచింది. 12 రెక్కలు, 5 మీటర్ల చక్రం ఉన్న ‘12 పీయూ 500’ రకం అందులో పేరుమోసింది. బోర్లు లోతుకు పోయాక, పొలానికి కరెంటు తీగ వచ్చాక, ఆ మరలతో పని తీరిపోయింది.

చట్టం ఏమంటుంది

గాలిమరకు చట్టం ఇచ్చిన సడలింపు తెలియాలంటే దాన్ని ఒక గనితో పోల్చి చూడాలి. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయికి పేరు. ముగ్గురాయి అంటే బెరైటీస్. ప్రపంచంలో ఒక్కచోట దొరికే నిక్షేపాల్లో అతి పెద్దవాటిలో ఇదొకటి. దీన్ని ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్విస్తోంది. ఇంత పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలి, ప్రభావ మదింపు నివేదిక కావాలి, ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి బహిరంగ విచారణ జరపాలి. అదే ఊరి గుట్ట మీద రేపు యాభై గాలి టర్బైన్లు లేస్తే వీటిలో ఏదీ అక్కర్లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని ‘తెలుపు’ వర్గంలో చేర్చింది. కాలుష్య మండలి సమ్మతి కూడా తీసుకోనక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు.

పొలంలోని 5 కిలోవాట్ల మరకు ఈ సడలింపు న్యాయమే. కొండ తొలిచి నిలిపే 50 మెగావాట్ల ప్రాజెక్టుకూ అదే సడలింపు దక్కడమే అన్యాయం. సొంత మర పెట్టుకునే రైతును ఏ అధికారీ లెక్క అడగడు. మదింపు అతనే చేసుకోవాలి, తన కోసం, పక్క పొలంవాళ్ల కోసం.

ముందు గాలి, తర్వాతే ప్రభావం

గాలి లేనిచోట నిలిపిన మర ఇనుముకూ సిమెంటుకూ దండగ. ఆ దండగే దాని మొదటి పర్యావరణ నష్టం. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది, అంటే వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 5 మీటర్ల చక్రాన్ని సెకనుకు 5 మీటర్ల గాలి తాకితే అందులో సుమారు 1,470 వాట్ల శక్తి ఉంటుంది. మంచి మర అందులో 30 శాతం పట్టుకుంటుందనుకున్నా చేతికొచ్చేది 440 వాట్లు. గాలి 3 మీటర్లకు దిగితే అది వంద వాట్లకు లోపే, అంటే ఒకటి రెండు సీలింగ్ ఫ్యాన్లకు సరిపడా.

రాయలసీమ గాలికి ఒక కాలం ఉంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటాక వానను అక్కడే దించేసి, గాలిని మాత్రం ఇటు తోస్తాయి. ఆషాఢంలో తలమీద తువ్వాలు నిలవదు, పుష్యమాసంలో ఆకు కదలదు. రైతుకు బోరు నీళ్లతో అవసరం ఎక్కువగా పడేది ఈ రెండో కాలంలోనే. అందులోనూ అన్ని ఊళ్లూ ఒకటి కావు. పాత అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీది గాలి వేరు. మంగంపేట అటు శేషాచలం, పాలకొండలకూ ఇటు వెలికొండలకూ నడుమ ఉంది. కోడూరు వైపు మామిడి, అరటి, బొప్పాయి తోటలు గాలికి అడ్డు. 150 మీటర్ల లోపున్న ఏ చెట్టుకన్నా మిద్దెకన్నా చక్రం కనీసం 10 మీటర్లు పైన ఉండాలన్నది చిన్న మరలకు వాడుకలో ఉన్న నియమం. కొబ్బరి చెట్లున్న తోటలో దీన్ని పాటించాలంటే స్తంభం 25 మీటర్లు దాటాల్సి రావచ్చు, అప్పుడు ఖర్చు, దిమ్మె, తీగలు అన్నీ పెరుగుతాయి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ గీసిన గాలి పటాలు ఎక్కువగా 50 మీటర్లు, అంతకు పైన ఎత్తులకు సంబంధించినవి. వాటిని చూసి 18 మీటర్ల మరకు అంచనా వేస్తే మోసపోతాం. స్తంభం నిలపాలనుకున్న ఎత్తులోనే గాలి మీటరు కట్టి ఒక ఏడాది రాసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

నేల: కల్పవల్లి అనుభవం

రాయలసీమలో గాలిమరల ప్రభావం గురించి మాట్లాడేవాళ్లెవరైనా కల్పవల్లి పేరు ఎత్తకుండా ఉండలేరు. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా ముష్టికోవెల చుట్టుపక్కల గుట్టలే కల్పవల్లి. వాటిని 1990ల తొలినాళ్ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, ఊళ్లవాళ్లు కలిసి కాపాడుకుంటూ వచ్చారు. నిప్పు పడకుండా కాపలా కాశారు, విత్తనాలు చల్లారు. బోడిగుట్టల మీదికి గడ్డి, ఈతచెట్లు, పొదలు తిరిగొచ్చాయి. వాటి వెనకే తోడేళ్లు, నక్కలు వచ్చాయి. గొర్రెల కాపర్లకు మేత, ఇళ్లకు కప్పు గడ్డి, చీపుర్లకు ఈతాకు దొరికాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఆ భూమి బంజరుగానే ఉండిపోయింది.

2010 ప్రాంతంలో అక్కడికి 50.4 మెగావాట్ల నల్లకొండ గాలి విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. ఒక్కొక్కటి 800 కిలోవాట్ల మరలు 63, వాటిలో ఎక్కువ భాగం కల్పవల్లి గుట్టల మీదే. స్వచ్ఛమైన కరెంటు ఇచ్చే మరల మీద కాపర్లకు కోపమెందుకో దూరాన ఉన్నవాళ్లకు వెంటనే అర్థం కాదు. దగ్గరికెళ్తే తెలుస్తుంది. దాదాపు 25 మీటర్ల పొడవున్న రెక్క లారీ మీద గుట్టెక్కాలంటే మలుపు విశాలంగా, వాలు మెత్తగా ఉండాలి. అందుకోసం గుట్ట నడుమును కోసి రోడ్డు వేస్తారు, కోసిన మన్నును వాలు మీదికే నెడతారు. ఇరవై ఏళ్లు గడ్డివేళ్లు పట్టి ఉంచిన మట్టి, పెద్ద వాన కురిస్తే వంకలోకీ అక్కణ్నుంచి కుంటలోకీ దిగుతుంది. కుంటలో మేట వేస్తే కింది బావులకు ఊట తగ్గుతుంది. గొర్రెలు వాడుకగా నడిచే దారిని రోడ్డు నిలువుకోత అడ్డుకుంటుంది. 2013లో ఈ గొడవ చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మర తిరగడం వల్ల కలిగినదానికన్నా, మరను అక్కడికి చేర్చడం వల్ల కలిగిన నష్టమే ఎక్కువన్నది ఆ గుట్టలు నేర్పిన సంగతి.

ఈ కొలతతోనే సొంత మరను చూడాలి. 5 కిలోవాట్ల మర విడిభాగాలు ట్రాక్టర్ ట్రాలీలో వస్తాయి. 18 మీటర్ల స్తంభాన్ని ఆరేసి మీటర్ల మూడు ముక్కలుగా తెచ్చి, నేల మీద పరిచి బిగించి, చైన్‌పుల్లీతో లేపి నిలబెడతారు. కొత్త రోడ్డు లేదు, కొండ కోత లేదు. నేల మీద పట్టే చోటు నడిమి దిమ్మె, లాగుడు తీగలు కట్టే నాలుగు చిన్న దిమ్మెలు. చిక్కంతా ఆ తీగలదే. ట్రాక్టర్ తిరిగే మలుపులో పడితే ఏడాదికోసారైనా నాగలి తగులుతుంది. దిమ్మెలన్నీ గట్ల మీద పడేలా ముందే ముగ్గుపోసి చూసుకుంటే ఆ గొడవ ఉండదు.

రెక్కలు, తీగలు, పక్షులు

గాలిమరల మీద ఎక్కువగా వినిపించే నింద పక్షుల చావు. కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమలో గద్దలు, డేగలు చచ్చిన తీరు చూసి ప్రపంచం మేలుకుంది. మన దేశంలో ఇంకో కోణం బయటపడింది. మహారాష్ట్ర సాతారా జిల్లా చాల్కేవాడి పీఠభూమి మీద బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. మరలున్నచోట వేటపక్షుల సంఖ్య మరలు లేనిచోటికన్నా దాదాపు నాలుగు రెట్లు తక్కువ. వాటి భయం తగ్గేసరికి తొండలు పెరిగాయి, మనిషి దగ్గరికొస్తున్నా మునుపంత తొందరగా పారిపోవడం మానేశాయి. ఒక్క డేగా చచ్చి పడకపోయినా అక్కడి లెక్క తారుమారవుతుందన్నమాట.

కర్నూలు, కడప ప్రాంతాలకు రెండు పక్షులు ముఖ్యం. ఒకటి బట్టమేక పిట్ట. దీని కోసమే 1988లో నందికొట్కూరు వైపు రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. బరువైన ఒళ్లు, ఎదురుగా ఉన్నదాన్ని సరిగా చూడలేని కళ్లు ఉన్న ఈ పక్షికి మర రెక్కలకన్నా కరెంటు తీగలే గండం. సుప్రీంకోర్టు 2021లో రాజస్థాన్, గుజరాత్‌లలో దీని ఆవాసాల గుండా పోయే తీగల మీద ఆంక్షలు పెట్టింది, 2024లో వాటిని సడలించింది. రెండోది కలివికోడి. అంతరించిందనుకున్న ఈ రాత్రి పక్షి 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ కనబడింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పొదలే దానికి దిక్కు. అందుకని పొలం ఈ అభయారణ్యాల చుట్టూ ఉన్న పొదబీళ్లకు ఆనుకుని ఉంటే మదింపులో మొదటి ప్రశ్న పొద నరకాలా అన్నదే. మంగంపేట లాంటిచోట తోట మధ్యలో నిలిపే మరకు ఆ ప్రశ్న రాదు. మర నుంచి ఇంటికి తీగ నేలలో పూడిస్తే పక్షులకున్న ప్రమాదంలో పెద్దపాలు అక్కడితో తీరిపోతుంది.

ఎన్ని చచ్చాయో లెక్కించడానికి ఒక మొరటు పద్ధతి ఉంది. వారానికోసారి తెల్లవారుజామున స్తంభం చుట్టూ, దాని ఎత్తంత దూరం వరకు, చాళ్ల వెంబడి వెతుక్కుంటూ నడవాలి. ఈకలు, విరిగిన రెక్క, గబ్బిలం ఒళ్లు ఏది దొరికినా రాసుకోవాలి. ఏమీ దొరకలేదంటే ఏమీ చావలేదని కాదు. రాత్రి పడిన గబ్బిలాన్ని తెల్లారేలోపు పిల్లో కాకో ఎత్తుకుపోతుంది, మిగిలినదాన్ని గండుచీమలు పంచుకుంటాయి. అందుకే అనుభవజ్ఞులు ముందు చచ్చిన కోడిపిల్లలను పదింటిని అక్కడక్కడా పడేసి, మూడో రోజుకు ఎన్ని మిగిలాయో చూస్తారు. రెండే మిగిలాయంటే, దొరికిన లెక్కను అయిదింతలు చేసుకోవాలి. వేరుశనగ చేలో వెతకడం, దున్నిన నేలలో వెతకడం ఒకటి కాదని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గబ్బిలాలకు మందగాలి రాత్రులే ప్రమాదం. గాలి సెకనుకు 5 మీటర్లు దాటేదాకా మరను తిరగనివ్వకపోతే చావులు సగానికి, కొన్నిచోట్ల ఇంకా బాగా తగ్గాయని అమెరికాలోని పెద్ద మరల మీద తేలింది. ఆ వేగం లోపు వచ్చే కరెంటు ఎలాగూ అత్తెసరే కాబట్టి రైతుకు పోయేది పెద్దగా లేదు.

చప్పుడు, నీడ

మన శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మర దగ్గర 10 మీటర్లలో 55 ఉంటే, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది కాబట్టి 40 మీటర్లకు 43 అవుతుంది. కాగితం మీద ఇది చాలు. పల్లె రాత్రి పట్నం రాత్రి కాదు, ఆరుబయట మంచం మీద పడుకున్నవాడికి ఆ 43 కూడా వినబడుతుంది. సొంత మరలకు పుట్టినిల్లు లాంటి డెన్మార్క్‌లో పొరుగు ఇంటికీ మరకూ మధ్య దూరం మర మొత్తం ఎత్తుకు నాలుగు రెట్లు ఉండాలి. మన కేంద్ర మార్గదర్శకాలు 2016లో పెద్ద మరలకు 500 మీటర్లు అన్నాయి. చిన్న మరకు డెన్మార్క్ లెక్కే నయం, 20 మీటర్ల మరకు 80 మీటర్లు.

తిరిగే రెక్కల నీడ కిటికీలో ఆడితే తలనొప్పి. మన అక్షాంశాల్లో మధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తున ఉంటాడు, నీడ స్తంభం దగ్గర్లోనే పడుతుంది. పొద్దుటి నీడ పడమరకు, సాయంత్రపు నీడ తూర్పుకు సాగుతుంది. ఇల్లు మరకు ఉత్తరానో దక్షిణానో ఉంటే ఈ బాధ దాదాపు లేనట్టే.

కర్బనం లెక్క, బ్యాటరీ

సుమారు ఒక టన్ను ఇనుముకు 2 టన్నులు, 3 ఘనపు మీటర్ల కాంక్రీటుకు దాదాపు ఒక టన్ను, మొత్తం 3 టన్నుల కర్బన ఉద్గారాల అప్పుతో మర మొదలవుతుందనుకుందాం. దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల ఉద్గారాలు. మంచి గాలిచోట 5 కిలోవాట్ల మర ఏడాదిలో 12 శాతం సామర్థ్యంతో తిరిగితే 5,256 యూనిట్లు ఇస్తుంది, అప్పు ఏడాదిలోపే తీరుతుంది. 5 శాతానికి పడిపోతే 2,190 యూనిట్లే, రెండేళ్లు పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి బోరు కోసమైతే రైతుకు ఈ మర డబ్బు మిగల్చదు. ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల బొగ్గు కేంద్రం కొంత తక్కువ మండితే ఆ లాభం ఊరందరిది. పైగా అదే పనికి సోలార్ పంపు చాలాచోట్ల ఇంకా తేలిక, చప్పుడు లేదు, రెక్క లేదు. మంగంపేట లాంటి లోయ ఊళ్లలో నన్నడిగితే ముందు సోలారే అంటాను.

మరతో పాటు బ్యాటరీలు పెట్టుకుంటే మదింపు అక్కడ ఆగి చూడాలి. సీసం బ్యాటరీలు నాలుగైదేళ్లకు మూలపడతాయి. వాటిని పాతసామాన్లవాడికి తూకానికి అమ్మితే, ఎక్కడో పెరట్లో యాసిడ్ నేలమీద పారబోసి సీసం కరిగిస్తారు. చిన్న గాలిమర మొత్తంలో పిల్లల ఒంటికి సూటిగా హాని చేయగలిగిన వస్తువు ఇదొక్కటే, పక్షుల గురించి జరిగే వాదనలో దీని ఊసే రాదు. కొన్న దుకాణానికే పాతది తిరిగిచ్చి కొత్తదాంట్లో ధర తగ్గించుకునే పద్ధతి ఉంది. రశీదు దాచుకుంటే చాలు.

మర ఆయువు ఇరవై ఏళ్లకు అటూ ఇటూ. స్తంభం ఇనుముకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, రాగి తీగకైతే కాపలా పెట్టాలి. గాజునార రెక్కలను కరిగించలేం, కాల్చకూడదు, ఎవరూ కొనరు. కాంక్రీటు దిమ్మెను పగలగొట్టి తీయించే ఖర్చు మొదటి రోజే పక్కన పెట్టకపోతే, పైన మర పోయాక కూడా ప్రతి దుక్కిలో నాగలికి తగిలేది అదే.