ఒక టిఫిన్ బల్ల కథ

పోయిన నెల మా మేనకోడలు ఇంటికొచ్చింది. జనరల్ సర్జరీలో ఎమ్మెస్ చేస్తోంది. సర్జన్ల కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చానంటూ ఫోన్‌లో ఫోటోలు చూపించింది. వేదిక మీద వరసగా కోట్లు, టైలు. "ఇందులో నువ్వెక్కడే?" అన్నాను. ఓ చివర పూలగుత్తుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్లని చూపించి నవ్వింది.

"పేపరు చదివావన్నావుగా?"

"చదివాను అత్తా. ఆ ఫోటో ఎవరూ తియ్యలేదు."

మన పెళ్ళి ఆల్బమ్‌లు గుర్తొచ్చాయి నాకు. రెండ్రోజులు వంటింట్లోంచి బయటికి రాని పిన్నులు, వదినలు ఏ ఫోటోలోనూ ఉండరు. ఆ రాత్రి నిద్రపట్టక, ఆడ డాక్టర్లు ఈ సభల్లోకి ఎలా వచ్చారో చదువుతూ కూర్చున్నాను.

1881 ఆగస్టులో లండన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. సుమారు 3,000 మంది వచ్చారు. ఆపరేషన్ గాయాలు చీము పట్టకుండా దారి చూపిన లిస్టర్, పాశ్చర్, కోచ్ అందరూ అక్కడే. ఆడ డాక్టర్లని మాత్రం రానివ్వలేదు. సభకి పోషకురాలు విక్టోరియా రాణి. వాళ్ళని రానిస్తే తన పేరు వెనక్కి తీసుకుంటానంది. ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ 1865లోనే వైద్యం చేసే లైసెన్స్ తెచ్చుకున్నా, ఊళ్ళో జరిగే సభకి ఆవిడకీ పిలుపు లేదు.

ఆ రోజుల్లో లండన్‌లో చదువుతున్న మేరీ షార్లీబ్ మనకి మరీ దూరం మనిషి కాదు. భర్త మద్రాసులో లాయరు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేవి. మగ డాక్టరుకి చూపించుకోలేక పురుళ్ళలో చచ్చిపోతున్న ఆడవాళ్ళ సంగతి విని, పిల్లల తల్లి అయ్యుండి కూడా 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. ఆ తర్వాత లండన్‌లో పెద్ద చదువు చదివింది. 1883లో తిరిగొచ్చే ముందు ఆ రాణినే కలిసి ఇక్కడి ఆడవాళ్ళ కష్టం చెప్పింది. 1885లో మద్రాసులో ఆవిడ మొదలుపెట్టించిన ఘోషా ఆసుపత్రి తర్వాత రాణి పేరు మీదే నడిచింది. ఇవాళ ట్రిప్లికేన్‌లో ఉన్న కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అదే.

చూశారా? ఘోషాలో ఉన్న రోగికి ఆడ డాక్టరు కావాలి. అదే డాక్టరు సభలో నలుగురి మధ్యా కూర్చుంటే తప్పయింది.

సరిగ్గా నూరేళ్ళు గడిచాయి. 1981లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మహాసభ శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి, కానీ అంతమంది మగవాళ్ళలో ఆడ సర్జన్లు ఒకరికొకరు కనిపించరు. ప్యాట్రీషియా న్యూమన్ అనే సర్జను ఒక నోటీసు పెట్టింది. ఆడ సర్జన్లంతా పొద్దున్నే టిఫిన్‌కి కలుద్దాం రండి అని. అంతే! ఉపన్యాసం లేదు, ఊరేగింపు లేదు. ఆ టిఫిన్ బల్ల దగ్గర పుట్టిందే ఇవాళ ఎన్నో దేశాల్లో సభ్యులున్న మహిళా సర్జన్ల సంఘం.

1913లో పుట్టిన ఆ కాలేజీకి మొదటి మహిళా అధ్యక్షురాలు రావడానికి 2005 దాకా పట్టింది. ఆవిడ చిన్నపిల్లల సర్జను క్యాథరిన్ ఆండర్సన్. రెండో ఆవిడ ఎవరనుకున్నారు? 2011లో, ఆ టిఫిన్‌కి పిలిచిన న్యూమనే.

కనపడటం అంటే ఫోటోల సరదా అనుకునేదాన్ని నేను. కాదు. వేదిక మీద చూసినవాళ్ళ పేరే మళ్ళీ ఏడు పిలిచేటప్పుడు గుర్తొస్తుంది. వెనక కూర్చున్న జూనియర్ అమ్మాయికి "నేనూ అక్కడికి వెళ్ళొచ్చు" అన్న ధైర్యం వచ్చేదీ అలాగే.

పొద్దున్న కాఫీ ఇస్తూ ఇదంతా మా పిల్లకి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ హాల్లో ఇంకా కొంతమంది అమ్మాయిలున్నారు అత్తా. పేర్లు కూడా అడగలేదు" అంది.

"ఈసారి అడుగు. ఇడ్లీల దగ్గర కలుద్దామని మెసేజ్ పెట్టు. ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు ఫోటో తియ్యండి."

"మళ్ళీ పళ్ళెం పట్టుకోమంటే?"

"పక్కన బల్ల మీద పెట్టేసి, ముందు వరసలో కూర్చో."

నిన్న మెసేజ్ వచ్చింది: "ఆరుగురు వస్తామన్నారు అత్తా."