బొప్పాయి ఆకు, డెంగీ: తాతల నాటి వైద్యమేనా?

వానాకాలం బాన్సువాడలో ఎవరికైనా డెంగీ అని తేలితే, చాలా ఇళ్లలో ముందు వెతికేది బొప్పాయి చెట్టునే. ఇది తాతల నాటి వైద్యమన్న మాట జనంలో స్థిరపడిపోయింది. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు.

బొప్పాయి అమెరికా ఖండపు చెట్టు. 16వ శతాబ్దంలో ఐరోపా వాళ్ల ఓడలెక్కి ఇటు వచ్చింది. చరక, సుశ్రుత సంహితల్లో దానికి చోటెక్కడిది? మన వైద్యులు జ్వరాలకు వాడినవి తిప్పతీగ, నేలవేము, తుంగముస్తలు. అవైనా డెంగీ కోసమని కాదు; ఆ వైరస్‌ను మన దేశంలో తొలిసారి వేరుచేసిందే 1940లలో, కలకత్తాలో. 1963లో కలకత్తాను, 1996లో ఢిల్లీని అది కుదిపేసింది.

ఆకు రసానికి శాస్త్రీయ ఆధారంగా చూపే పత్రాల్లో ఒకటి 2011 నాటిది. ఆ ఏడాది పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక నివేదికలో రసం తాగిన రోగికి ప్లేట్‌లెట్లు 55 వేల నుంచి 1,68,000కు పెరిగాయి. ఉన్నది ఒక్కరే రోగి. పైగా డెంగీ నుంచి తేరుకునేవారికి ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. 2013లో మలేషియాలో 228 మందితో జరిగిన పరీక్ష ఇంతకంటే బలమైనదే. అక్కడ రసం తాగినవారిలో పెరుగుదల వేగంగా కనిపించింది. కానీ ఎవరు తాగుతున్నారో వైద్యులకూ రోగులకూ తెలుసు. ముఖ్యంగా లెక్కపెట్టిందీ ప్లేట్‌లెట్లనే.

అసలు పొరపాటు ఇక్కడే ఉంది. తీవ్రమైన డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారిపోవడం. దాని వెనక రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి రసాయనాలు ఉన్నాయి. సింగపూర్, మలేషియాల్లో 372 మందిపై జరిపిన పరీక్షలో ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదని 2017లో తేలింది.

వాపును గురిపెట్టిన మూలికా పరిశోధన మన దగ్గరా ఉంది, దానికి దక్కిన ప్రచారమే తక్కువ. ఆయుర్వేదం పాఠా అని పిలిచే తీగ సారం నాలుగు రకాల డెంగీ వైరస్‌లనూ కణాల్లో అణచిందనీ, టీఎన్‌ఎఫ్ ఆల్ఫాను తగ్గించిందనీ 2015లో ఢిల్లీ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఎలుకలకూ కొంత రక్షణ దొరికింది. దాని దగ్గరి బంధువైన దూసరితీగ సారం మనుషులపై పరీక్షల దాకా వెళ్లింది. ఆశపడదగ్గ దారే ఇది.

అయినా తొందరపడరాదు. వాపును గట్టిగా అణచే ప్రెడ్నిసొలోన్‌ను వియత్నాంలో 225 మంది యువ రోగులపై పరీక్షిస్తే మేలేమీ కనిపించలేదని 2012లో తేలింది. ప్రయోగశాలలో వాపు తగ్గించిన ప్రతి ఆకూ మందు కాదు. పైగా మూలికలతో హానీ ఉండొచ్చు: తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు.

ఇప్పటికి డెంగీని నయం చేస్తుందని రుజువైన మూలిక ఒక్కటీ లేదు. జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. ఆ సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆకులు నూరుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.