మూడు పాయల మాను

గుడివాడలో ఒక మొక్కల దుకాణం ముందు, కుండీలో జడ అల్లినట్లున్న చెట్టును చూచి "ఇది మన దేశపుదేనా, మాష్టారూ?" అని ఒక మిత్రుడు అడిగారు. ఆ ప్రశ్నే ఈ టపాకు మూలం.

కాదు. దాని శాస్త్రనామం పచీరా అక్వాటికా; మధ్య, దక్షిణ అమెరికాల చిత్తడి నేలల చెట్టు. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఓబ్లే 1775లో గయానా మొక్కలపై వెలువరించిన గ్రంథంలో ఆ ప్రజాతికి నామకరణం చేశాడు. మన బూరుగుకు చుట్టమే. బోదెలు జడవేసి అమ్మే వ్యాపారం తైవానులో 1980ల నుండి పుంజుకొన్నది. ఎవరో లారీ డ్రైవరు కనిపెట్టాడంటారు గాని, దానిని కథగానే ఉంచుదాం.

కిటుకంతా లేతదనంలో ఉంది. మూడో అయిదో మొక్కలను ఒకే కుండీలో దగ్గరగా నాటి, కాండం ముదరకముందే, పెరిగినకొద్దీ ఒక్కొక్క మెలిక వేస్తూ పోవాలి. కొసను మెత్తని నారతో కట్టాలి. వదులుగానే సుమా! బిగించి అల్లితే బోదెలు లావెక్కినప్పుడు ఒకదానినొకటి నొక్కుకొని, ఏదో ఒకటి కుళ్ళి, జడలో సందు మిగులుతుంది.

జడకూ పాయే, నదికీ పాయే. పులిగడ్డ వద్ద కృష్ణ పాయలుగా చీలి దివిసీమను చుట్టుకొంటుంది. జడలో కలిసేవి నదిలో విడిపోతాయి. మాట మాత్రం ఒక్కటే.

మెలి తిరిగిన మాను మన తీరానికి కొత్త కాదు. 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకస్థానం నెలకొల్పారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. 17, 18 శతాబ్దాలలో కోరమాండల్ తీరం నుండి ఐరోపాకు ఓడలెక్కిన పలంపోరు దుప్పట్లపై, రాతిగుట్ట మీద నుండి వంపులు తిరుగుతూ లేచే పూలచెట్టు ఉంటుంది. ఆ అద్దకాల దెబ్బకు ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించవలసి వచ్చింది. చెట్టును వంచింది తోటమాలి కాదు, కలం!

ఇక నిజమైన చెట్ల జడ మన రచ్చబండ మీదనే ఉంది. రావిని, వేపను ఒకే గోతిలో నాటి పెళ్ళి చేయడం ఎరుగని ఊరేది? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు దివిసీమలోని మా ఊరి జంట కూలింది. మరుసటి ఏడు నాటినది ఇప్పుడున్న జంట. నీళ్ళు మోసినవారిలో నేనూ ఒకడిని. అయితే ఇవి వేరువేరు కుటుంబాల చెట్లు. ఎంత పెనవేసుకొన్నా ఒకదాని రసం రెండవదానిలో పారదు. రావి మర్రి జాతిది, పట్టుకొన్న చెట్టును వదలదు. మా వేప బోదెను సగానికి పైగా మింగివేసింది.

వేపను నొక్కుతున్న రావివేళ్ళు రెండు కోయిద్దామన్నాను. రావిపై కత్తి పెట్టడం పాపమన్నారు పెద్దలు. వేపను చావనివ్వడం పుణ్యమా అని అడిగాను. పంచాయితీ ఇంకా తెగలేదు. ఈ ఉగాదికి వేప దక్షిణపు కొమ్మ పూయలేదు.