పొద్దున పదిన్నరకు పైనుంచి పోయేది

1988 మార్చి 17న బైకనూరు నుంచి సోవియట్ రాకెట్ మీద మన ఐఆర్‌ఎస్-1ఏ పైకెళ్లింది. అప్పటికి మా పర్చూరు వైపు పత్తిరైతు కుదేలై ఉన్నాడు. చేను తెల్లదోమ పాలైంది, అప్పులవాళ్లు గడప వదల్లేదు. 1987-88లో ప్రకాశం జిల్లాలో చాలామంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఆ ఉపగ్రహం 904 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, 22 రోజులకోసారి అదే చేను మీదికి, అదే పొద్దున పదిన్నర ప్రాంతంలో వచ్చేది. వేళ మారదు కాబట్టి పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు.

ఆ బొమ్మలు పట్టుకుని గట్ల వెంట తిరిగి సరిచూసినవాణ్ణి నేను. పచ్చని పైరు అందులో ఎర్రగా పడుతుంది. మిరపతోటా ఎరుపే, పత్తిచేనూ ఎరుపే! దాని మెరుగైన కెమెరాలోనూ ఒక్క చుక్క అంటే 36 మీటర్ల చదరం, మన లెక్కలో 32 సెంట్లు. అరెకరం రైతు ఒకటిన్నర చుక్క. ఇక ఆకు అడుగున దాక్కునే దోమ సంగతి చెప్పాలా? పైగా విత్తే రోజుల్లో మబ్బు. మబ్బు చాటున ఉన్నదీ చూడగల రాడార్‌తో మనవాళ్లు సొంతంగా చేసిన రీశాట్-1 2012లో గానీ ఎగరలేదు.

పంట విస్తీర్ణం అంచనాకు ఉపగ్రహం పనికొచ్చింది, కాదనను. నష్టపరిహారం రాసేటప్పుడు మాత్రం మనిషి చేలోకి దిగాల్సిందే.