శికం భూమిలో శికారు

రెజిమెంటల్ బజార్‌లో నేను అద్దెకుండే గది గోడ మీద పక్కపక్కనే రెండు పాత మేకులున్నాయి. వాటి పైన సున్నం మిగతా గోడకంటే తెల్లగా, రెండు పొడుగాటి చారల్లాగా ఉంటుంది. చేరిన కొత్తలో వాటికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించేవాణ్ణి. ఓ ఆదివారం అద్దె కోసం వచ్చిన ఓనర్ అంకుల్ అది చూసి నవ్వాడు.

"అక్కడ ఇర్రి కొమ్ములుండె బాబూ. మా తాత తెచ్చిండు. కాయిదాలు లేకుండ ఇంట్ల ఉంటే కేసయితదన్నరు, ఫారెస్టోళ్ళకి ఇచ్చేసినం."

ఇర్రి అంటే మగ కృష్ణ జింక. ఆడదైతే లేడి. (లేడి తెలుసుగానీ ఇర్రి నాకూ తెలీదు, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నా.) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని వేటాడ్డం నేరం. ఇంట్లో కొమ్ములున్నా లెక్క చెప్పాలి. అలాంటి పాత వస్తువులు ఏమున్నా బయటపెట్టమని 2003లో కేంద్రం ఓ గడువు కూడా ఇచ్చింది. మా ఓనర్‌గారింట్లో ఎవరూ పట్టించుకోలేదట. మనలో చాలామందికి ఈ జంతువు పేరు తెలిసింది 1998 నాటి జోధ్‌పూర్ కేసు వల్ల, సల్మాన్ ఖాన్ పుణ్యమా అని. ఒడుగులో వటువుకి కట్టే కృష్ణాజినం ముక్క కూడా దీని తోలే అని అమ్మ చెప్తే గానీ నాకు గుర్తు రాలేదు.

సరే, అసలు నా ప్రశ్న కొమ్ముల గురించి కాదు. "మీ తాతగారు వేటగాడా అంకుల్?" అనడిగితే ఆయన చెప్పిన జవాబు గురించి. "వేట దొరలది. మా తాత చూపెట్టెటోడు."

అప్పట్నించీ ఈ 'చూపెట్టడం' అనే పని నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

సికింద్రాబాద్ పుట్టిందే పటాలాల కోసం. 1798లో నిజాం కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందంతో కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి పేరొచ్చింది. పటాలం ఎక్కడుంటే దాని వెంట బజారు ఉండేది. పప్పు, ఉప్పు, గుర్రాలకి దాణా, సారా, దర్జీ, చాకలి, అన్నీ అందులోనే. మా రెజిమెంటల్ బజార్‌కి ఆ పేరు అలా మిగిలిందే. 1874లో రైలు స్టేషన్ వచ్చాక బజారు స్టేషన్ పక్క బజారైపోయింది. ఇప్పుడు ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం వైపు బయటికొచ్చి, ఆటోవాళ్ళని తప్పించుకుని నడిస్తే మా గల్లీలే.

బ్రిటిష్ పటాలాలు ఒకే చోట ఉండిపోవు. కొన్నేళ్ళుండి ఇంకో కంటోన్మెంట్‌కి వెళ్ళిపోతాయి, ఇంకో పటాలం వస్తుంది. అంటే ఎప్పుడు చూసినా కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసర్లే. భాష రాదు, దారులు తెలీవు, చేతినిండా ఖాళీ. అప్పట్లో సైన్యానికి గురువారం సెలవు. (మన వీకెండ్ లాంటిదే అనుకోండి.) కంటోన్మెంట్ హద్దు దాటితే నిజాం రాజ్యం. నిజాం తన కోసం ఉంచుకున్న వేటభూముల్లోకి పిలవకుండా పోవడానికి లేదు. మిగిలింది ఊళ్ళ మధ్య మైదానాలు. ఇంగ్లండునించి నెలక్రితం దిగిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ముందెప్పుడూ చూడని ఆ బయలులో, ముదురు ఇర్రి ఎక్కడుందో ఎలా కనుక్కుంటాడు?

ఆ బయలు రెండు రకాలు. మొదటిది కంచ. పశువులు మేసే గడ్డిబీడు. గచ్చిబౌలి, ఇమారత్ పేర్ల ముందు ఇప్పటికీ కంచ ఉన్నది అందుకే. రెండోది శికం, అంటే చెరువు నీళ్ళు నిండే నేల. శికం పారశీకమాట, కడుపు అని అర్థం. చెరువు కడుపు! ఏ రెవెన్యూ గుమాస్తా పెట్టాడో గానీ దండం పెట్టాలి. వానాకాలంలో నీళ్ళు, చలికాలంలో అంచుల్లో బురద, రెల్లు. స్నైప్ అనే ముక్కు పొడుగు పిట్టల కోసం దొరలు మోకాలిలోతు బురదలో దిగేది అక్కడే. ఎండాకాలం వస్తే నీళ్ళు వెనక్కి పోతూ పోతూ పచ్చటి లేత గడ్డి వదిలిపెడతాయి. చుట్టూ కంచలన్నీ ఎండిపోయినప్పుడు పచ్చదనం మిగిలేది అక్కడే. మందలు అక్కడికి రాక ఎక్కడికి పోతాయి? (ఆ చెరువుల దగ్గర దోమలు కూడా తక్కువేం కాదు. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన బేగంపేటలోనే.)

దుర్భిణీతో చూస్తే మంద కనిపిస్తుంది, సరే. కానీ మందలో ఏది ముదురుదో తెలియడానికి కొంచెం చదువు కావాలి. పిల్ల మగది లేడిలాగే గోధుమరంగులో ఉంటుంది. మూడో ఏడు దగ్గర్నించి వీపు ముదురుతూ వస్తుంది, బాగా ఎదిగినదానికి నల్లగా నిగనిగలాడుతుంది. కొమ్ములు మెలి తిరుగుతూ పైకి పోతాయి. దక్కనులో కొమ్ము ఇరవై అంగుళాలు దాటితే గొప్పే. ఉత్తరాన పంజాబు వైపు ఇంకా పెద్దవుండేవి. దొరలు టేపు పెట్టి కొలిచి, రోలండ్ వార్డ్ అనే లండన్ కంపెనీ అచ్చేసే రికార్డుల పుస్తకంలోకి ఎక్కాలని చూసేవాళ్ళు. అంగుళాల పిచ్చి ఇప్పటి టీవీలతో మొదలైంది కాదన్నమాట.

చూపెట్టేవాడికి దుర్భిణీ అక్కర్లేదు. ముదురు ఇర్రి ఒక జాగా పట్టుకుంటుంది. ఆ జాగాలో రోజూ అదే చోట పెంటికలు వేస్తుంది, అవి కుప్పగా పేరుకుంటాయి. కంటి కింద ఉండే గ్రంథిని పొదలకి రాసి గుర్తు పెట్టుకుంటుంది. కుప్ప తాజాగా ఉంటే దాని యజమాని దగ్గర్లోనే ఉన్నట్టు, ఎండిపోయుంటే జాగా చేతులు మారినట్టు. పశువులు కాసేవాడికి ఇదంతా ఎవరూ నేర్పక్కర్లేదు, రోజూ ఆ కుప్పల పక్కనుంచే కదా నడిచేది. పేల్చేది దొర, కానీ ఆ ఒక్క గుండు వెనక ఇంకొకడి ఇరవై ఏళ్ళ చూపుంది. మన భాషలో చెప్పాలంటే డేటా అంతా ఒకడిది, డెమో ఇంకొకడిది.

దగ్గరికి పోవడం ఇంకో విద్య. గంటకి ఎనభై కిలోమీటర్ల దాకా పరిగెత్తగల జంతువు, చెట్టూ చేమా లేని బయలు. మనిషి నడిచొస్తే అల్లంత దూరంలోనే మాయం. కానీ ఎడ్లబండికి బెదరదు. రోజూ పొలాలకి పోయే బళ్ళు చూసి చూసి అలవాటు. కాబట్టి బండి పక్కన నక్కి నడవాలి. మందవైపు సూటిగా పోకూడదు, ఎటో వెళ్ళే రైతులాగా ఏటవాలుగా, చుట్టూ తిరుగుతూ ఒక్కో చుట్టుకీ కాస్త దగ్గరవ్వాలి. నిజాం వేటల్లో చీతాల్నీ ఇలాగే బండి మీద తీసుకెళ్ళేవాళ్ళు. (చిరుత కాదు, చీతా. మన పేపర్లవాళ్ళు రెండిటినీ కలిపేస్తుంటారు.) కళ్ళకి తోలు గంతలు కట్టి బండి మీద కూర్చోబెట్టి, మంద దగ్గరయ్యాక గంతలు తీసి వదిలేవాళ్ళు. అది పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేదంటే కొన్ని వందల గజాలకే విసుగొచ్చి ఆగిపోతుంది. పట్టుకున్నాక గరిటెలో నెత్తురు పట్టిచ్చి, జింకని విడిపించి, మళ్ళీ గంతలు. చీతాని సాకేవాడి ఓపిక తల్చుకుంటే నాకు చీతాకంటే వాడే గొప్పగా కనిపిస్తాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం పార్ధీల పద్ధతి. ఒక మగ జింకని పెంచుతారు. దాని కొమ్ములకి నరాలతో పేనిన ఉచ్చులు కట్టి, జాగా పట్టిన ఇర్రి దగ్గరికి వదుల్తారు. తన నేలలోకి పరాయి మగది వస్తే ఇర్రి ఊరుకోదు. తల వంచి కొమ్ములు కలుపుతుంది, ఉచ్చులో ఇరుక్కుంటుంది. తుపాకీ లేదు, గుర్రం లేదు. దాని రోషమే దానికి వల. ఆ జంతువు స్వభావం ఇంత బాగా ఎరిగినవాళ్ళని తెల్లవాడి చట్టం చాలా ప్రాంతాల్లో ఏమని రాసుకుందో తెలుసా? నేరస్థ తెగ అని. పుట్టుకతోనే దొంగలని ముద్ర. 1871లో మొదలైన ఆ చట్టం 1952 దాకా బతికుంది. ఒకే బయల్లో, ఒకే ఇర్రిని, దొర కొడితే శికారు, పార్ధీ పడితే నేరం. ఇప్పుడు మన బీసీ-ఏ జాబితాలో పార్ధీ అని ఓ లైను కనిపిస్తుంది, చూడండి.

పెద్దవాళ్ళ వేటలకి సాక్ష్యాలకి కొదవలేదు. రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటలన్నీ ఫొటోలు తీశాడు. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాం రాజ్యానికి వేటకొచ్చాడు. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత సరయేవోలో తుపాకీ గుండుకి పోయి ప్రపంచయుద్ధం తెచ్చిపెట్టినాయనే. 1902లో కర్జన్ ప్రభువు వరంగల్ వైపు నెకొండ అడవుల్లో పులితో ఫొటో దిగాడు. హైదరాబాద్ కంటింజెంట్‌లో పనిచేసిన ఆర్. జి. బర్టన్ 1928లో దక్కను వేటల మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు. ఆ ఫొటోల్లో అంచున ఎప్పుడూ తలపాగా కట్టుకుని ఇద్దరో ముగ్గురో ఉంటారు. కింద ఇంగ్లీషులో పేర్లు రాసుంటాయి. దొర పేరు, ఇంకో దొర పేరు. తలపాగాల దగ్గరికొచ్చేసరికి పేర్లుండవు. మా ఓనర్‌గారి తాత అలాంటి ఏ ఫొటోలోనైనా ఉన్నాడేమో అని చాలా వెతికాను. ఉన్నా ఎలా గుర్తుపడతాను?

అయితే ఇర్రిల్ని ఖాళీ చేసింది దొరల గురువారాలే అనుకుంటే పొరపాటు. (నేనూ ముందు అదే అనుకున్నా. తెల్లవాడి మీద తోసెయ్యడం మనకి సుఖం కదా.) వాళ్ళు చంపారు, నిజమే, చాలా చంపారు. కానీ 1945లో సికింద్రాబాద్ ఊరు మళ్ళీ నిజాం చేతికొచ్చాక, 1947 తర్వాత పటాలాలు వెళ్ళిపోయాక, దేశం మొత్తంమీద జరిగింది ఇంకా ఘోరం. యుద్ధంలో మిగిలిన జీపులు చౌకగా దొరికాయి. రాత్రిపూట లైటు కొడితే మంద మంద కళ్ళు చెదిరి నిలబడిపోతుంది. పంట కాపలా పేరుతో తుపాకీ లైసెన్సులు ధారాళంగా ఇచ్చారు. జాగా వెతకడం లేదు, కుప్ప చూడ్డం లేదు, ముదురూ లేతా లేదు, మగా ఆడా లేదు. చీతాలైతే పూర్తిగా పోయాయి. చివరి మూడింటినీ 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజావారు ఒకే రాత్రి కాల్చేశారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక తుపాకీ చెయ్యలేనిది సర్వే రాయి చేసింది. కంచలు వెంచర్లయ్యాయి, శికాలు కాలనీలయ్యాయి. గడ్డినేలని మన లెక్కల్లో 'ఖాళీ జాగా' అంటాం. అడవి కొట్టేస్తే కనీసం నలుగురు ఏడుస్తారు. గడ్డి పోతే ఎవడేడుస్తాడు? 2025లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగితే, సుప్రీంకోర్టు ఆపమనేదాకా అందరం జింకల వీడియోలు పంచుకున్నాం. అవి చుక్కల జింకలు. కృష్ణ జింకలు మిగిలుంటే చూడాల్సిన నేల కూడా అదే రకం అని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు, అప్పటికి నాకీ సంగతి తెలీదు. ఎఫ్‌టీఎల్ అనే మాట కూడా 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాకే మా టీమ్‌లో అందరి నోళ్ళలో పడింది. ఫ్లాటు కొన్న మా కొలీగొకడు రెండు రాత్రులు నిద్రపోకుండా పాత మ్యాపులు తిరగేశాడు. వాడు వెతికింది శికం హద్దు కోసమే, ఆ మాట వాడికి తెలీదంతే.

ఇంకో తమాషా. రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణ జింక ఆంధ్రప్రదేశ్ వాటాకి పోయింది, తెలంగాణ చుక్కల జింకని రాష్ట్ర జంతువుగా తీసుకుంది. కానీ కృష్ణ జింక కోసం హైదరాబాద్‌వాడు ఆంధ్రాకి పోనక్కర్లేదు. వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి ఉంది. ఒకప్పటి నిజాం వేటభూమే. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. వేటభూమికి అహింస చెప్పినాయన పేరు!

పోయిన నెల ఓనర్ అంకుల్‌ని అక్కడికి తీసుకెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, ఇర్రి కొమ్ముల కింద పెరిగాడే గానీ ఇర్రిని ఎప్పుడూ చూళ్ళేదట. వ్యాన్‌లో కిటికీ పక్క కూర్చోబెట్టా. లేళ్ళు చాలా కనిపించాయి, గోధుమరంగు కుర్ర మగవీ కనిపించాయి. నల్లది మాత్రం లేదు. వ్యాన్‌లో పిల్లలు విసుగుపడుతున్నారు. అంతలో అంకుల్ నా చెయ్యి పట్టుకుని బయట నేల చూపించాడు. గడ్డి మధ్య బోడిగా ఉన్న చోట చిన్న నల్ల కుప్ప.

"తాత చెప్పెటోడు, ఇది తడిగ ఉంటే నిలబడాలె అని."

డ్రైవర్ని రెండు నిముషాలు ఆపమని అడిగాం. టైమైపోయింది సార్, వెనక ఇంకో ట్రిప్పుంది అన్నాడు.