ఎవరి ఒంట్లో ఎంత? రేడియేషన్ లెక్కల చరిత్ర

ఎక్స్‌రే గొట్టం సరిగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి తొలిరోజుల ఆపరేటర్లు తమ చేతినే అడ్డం పెట్టుకునేవారు. తెర మీద వేళ్ళ ఎముకలు ఎంత స్పష్టంగా పడుతున్నాయో చూసుకుని, ఆ తర్వాతే రోగిని పిలిచేవారు. రోజూ అదే పని, అదే చెయ్యి. 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఏడాది తిరక్కుండానే వాటితో పనిచేసేవాళ్ళ చర్మం ఎర్రబడటం, జుట్టు ఊడటం, పుళ్ళు మానకపోవడం మొదలైంది. చాలామంది తప్పు కిరణాలది కాదు, కరెంటుదనుకున్నారు.

అమెరికాలో థామస్ ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అనే గాజుపనివాడు ఉండేవాడు. గొట్టాలు తయారుచేయడం, పరీక్షించడం అతని పని. ఎడమ చెయ్యి పుళ్ళు పడితే కుడిచేత్తో పని సాగించాడు. చివరికి రెండు చేతులూ తీసేశారు. అయినా క్యాన్సర్ ఆగలేదు. 1904లో 39 ఏళ్ళకే చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్‌రే పరిశోధన జోలికి మళ్ళీ పోలేదు. ఇలా ఈ కిరణాలకు బలైన డాక్టర్లు, నర్సులు, సాంకేతిక నిపుణుల కోసం 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో స్మారక స్తంభం నిలిపారు. మొదట 169 పేర్లు చెక్కారు. తర్వాతి కాలంలో ఆ జాబితా పెరుగుతూ పోయింది.

డాలీకి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. తర్వాతి కథలన్నీ అలాంటివి కావు. ప్రమాదం కొందరికి తెలిసిపోయింది, కిరణాలు తగిలేవాళ్ళకు మాత్రం చెప్పలేదు. రేడియేషన్ భద్రతా నియమాల్లో ఈ రోజు మనం చూసే చాలా అంకెల వెనక ఇలా తమకు తెలియకుండానే కొలతకు ఆధారమైన మనుషులున్నారు.

న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసే కార్ఖానా ఉండేది. చీకట్లో మెరిసే ఆ డయళ్ళకు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గిరాకీ బాగా పెరిగింది. పనిలో చేరినవాళ్ళు ఎక్కువగా పడుచుపిల్లలు, కొందరికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. సన్నటి కుంచె నాలుగైదు గీతలకే విచ్చుకుపోతుంది. దాన్ని పెదవుల మధ్య పెట్టి మొన చేయాలి, రంగులో ముంచాలి, అంకె దిద్దాలి, మళ్ళీ పెదవుల మధ్య పెట్టాలి. పనిలో చేరిన రోజే నేర్పే పద్ధతి అది. డయల్‌కు ఇంతని కూలీ కాబట్టి చేతివేగం తగ్గించే వీలు లేదు. ‘ఇది ఒంటికి మంచిదే’ అని పైవాళ్ళు చెప్పేవారు. అదే సంస్థలో రేడియం శుద్ధిచేసే రసాయన నిపుణులు మాత్రం సీసపు తెరల చాటున, పటకార్లతో పనిచేసేవారు.

రేడియం రసాయన స్వభావం కాల్షియంను పోలి ఉంటుంది. అందుకే శరీరం దాన్ని ఎముకల్లోకి తీసుకుపోయి దాచుకుంటుంది. అక్కడే ఏళ్ళ తరబడి కిరణాలు చిమ్ముతుంది. మొదట పళ్ళు కదిలాయి. పీకించుకున్నచోట గాయం మానలేదు. దవడ ఎముక ముక్కలుగా ఊడివచ్చింది. తర్వాత రక్తహీనత, ఎముకల క్యాన్సర్లు. 1924లో కంపెనీయే హార్వర్డ్‌కు చెందిన సెసిల్ డ్రింకర్‌ను పిలిపించి పరిశీలన చేయించింది. కారణం రేడియమేనని ఆయన తేల్చాడు. కంపెనీ ఆ నివేదికను తొక్కిపట్టి, కార్మిక శాఖకు దాన్ని తిరగేసి చెప్పింది. 1925లో ప్రభుత్వ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ తన పరీక్షల ఫలితాలు అచ్చువేశాకే లోకానికి విషయం తెలిసింది. గ్రేస్ ఫ్రయర్ అనే కార్మికురాలికి తన కేసు పట్టే లాయరును వెతుక్కోవడానికే చాలా కాలం పట్టింది. 1927లో ఆమె, మరో నలుగురు దావా వేశారు. 1928లో రాజీ కుదిరింది: ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, బతికినంతకాలం ఏడాదికి 600 డాలర్లు, వైద్య ఖర్చులు. ఆ అయిదుగురిలో చాలామంది ఎంతోకాలం బతకలేదు.

రేడియం రంగు వేసిన ఇలాంటి కార్మికుల శరీరాల్లో పేరుకున్న రేడియంను కొలిచే, 1941లో అమెరికా ఒక పరిమితి పెట్టింది: మనిషి ఒంట్లో 0.1 మైక్రోక్యూరీకి మించి రేడియం ఉండకూడదు. అణుబాంబు తయారీలో ప్లుటోనియంతో పనిచేసినవాళ్ళకు పెట్టిన పరిమితికి కూడా ఈ అంకే ఆధారమైంది.

బయటి నుంచి తగిలే కిరణాల సంగతి చూసేందుకు 1928లో స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయ సంఘం ఒకటి ఏర్పడింది. ఇప్పుడు ఐసీఆర్‌పీ అని పిలిచేది దాన్నే. 1934లో అది రోజుకు 0.2 రాంట్‌జన్ దాకా ఫరవాలేదంది. ఇప్పటి కొలతలో అది ఏడాదికి సుమారు 500 మిల్లీసీవర్టులు. చర్మం కమలకపోతే చాలు, హాని లేదన్నది అప్పటి నమ్మకం. కానీ 1927లోనే హెర్మన్ ముల్లర్ ఎక్స్‌రేలు ఈగల జన్యువులను మారుస్తాయని ప్రయోగం చేసి చూపించాడు. కంటికి కనబడే గాయం లేకపోయినా లోపల చెడు జరగవచ్చన్నమాట. ఆ మాట నియమాల్లోకి ఎక్కడానికి హిరోషిమా, నాగసాకి దాకా ఆగాల్సి వచ్చింది.

1945 ఆగస్టు బాంబుల నుంచి బతికి బయటపడ్డవారినీ, పోల్చిచూడటానికి ఆ సమయంలో ఊళ్ళో లేనివారినీ కలిపి సుమారు 1,20,000 మందిని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేలుడు జరిగిన క్షణాన ఎవరు ఎక్కడున్నారు, ఇంట్లోనా బయటా, గోడ ఏమైనా అడ్డం ఉందా అని ఒక్కొక్కరినీ అడిగి డోసు అంచనా కట్టారు. రక్త క్యాన్సర్లు తొలి పదేళ్ళలోనే పెరిగాయి. రొమ్ము, ఊపిరితిత్తులు, కడుపు క్యాన్సర్లు తర్వాత తేలాయి, అదీ డోసు పెరిగేకొద్దీ ఎక్కువగా. బాధితులకు తర్వాత పుట్టిన పిల్లల్లో మాత్రం వంశపారంపర్య లోపాలు పెరిగిన దాఖలా కనబడలేదు. ఈ సంగతి విరివిగా తెలిసి ఉంటే ఎన్నో పెళ్ళి సంబంధాలు తప్పిపోయేవి కావు, ఎంతోమంది వెలివేతకు గురయ్యేవారు కాదు. తమను పరీక్షించారే తప్ప వైద్యం చేయలేదన్న బాధితుల కోపం కూడా న్యాయమైనదే. ఈ పరిశోధన కోసం 1947లో అమెరికా పెట్టిన సంస్థ ఉద్దేశం పరిశీలనే.

1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద పక్కనున్న రోంగెలాప్ దీవి మీద తెల్లగా రాలింది. అదేమిటో తెలియక పిల్లలు దాంతో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ వాళ్ళను అక్కడినుంచి తరలించలేదు. 1957లో ఇక భయం లేదని వెనక్కి పంపారు. పిల్లల్లో థైరాయిడ్ గడ్డలు బయటపడ్డాయి. 1985లో ఆ దీవివాసులు స్వచ్ఛందంగా ఊరొదిలి వెళ్ళిపోయారు.

యుద్ధం, కార్ఖానా సరే. రోగుల మాటేమిటి?

ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టివార్ట్ అనే వైద్యురాలు 1950లలో ఒక చిక్కుముడి విప్పబోయింది. పిల్లల్లో రక్త క్యాన్సర్ ఎందుకు పెరుగుతోంది? ఆమెకు దొరికిన డబ్బు వెయ్యి పౌండ్లు. ఇచ్చింది లేడీ టాటా స్మారక ట్రస్టు, దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి రక్త క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరిట పెట్టినది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులనే అడగాలని స్టివార్ట్ అనుకుంది. వాళ్ళు మరిచిపోయి ఉండని విషయాలు ఉంటాయని ఆమె నమ్మకం. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారు, ఏ జబ్బులు చేశాయి, ఎక్స్‌రే తీయించుకున్నారా అంటూ ప్రశ్నల పట్టిక తయారుచేసి, బ్రిటన్ అంతటా జిల్లాల ఆరోగ్యాధికారుల ద్వారా పంపింది. జవాబులు రావడం మొదలవగానే విషయం బయటపడింది. క్యాన్సర్‌తో పిల్లలు పోయిన తల్లుల్లో గర్భిణిగా పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్నవారు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. 1956లో చిన్న ఉత్తరంగా, 1958లో పూర్తి వ్యాసంగా అచ్చయింది.

ఒక్క ఎక్స్‌రే, అదీ అప్పటి లెక్కలో ఏమాత్రం లెక్కలోకి రాని డోసు. వైద్యలోకం ఒప్పుకోలేదు. ‘తల్లుల జ్ఞాపకం నమ్మదగింది కాదు’ అన్నారు. అమెరికాలో బ్రయన్ మాక్‌మహాన్ 1962లో ఆసుపత్రి రికార్డులతోనే సరిచూసి అలాంటి ఫలితమే చూపించాడు. అయినా గర్భిణులకు ఎక్స్‌రే తీయడం తగ్గడానికి మరో దశాబ్దం పైనే పట్టింది. ఇప్పుడు మన ఊళ్ళలో స్కాన్ సెంటర్ గోడ మీద ‘గర్భవతి అయితే ముందే చెప్పండి’ అని కనిపించే బోర్డు వెనక ఆ వెయ్యి పౌండ్ల సర్వే ఉంది.

గనుల కథ వీటన్నిటికంటే పాతది. జర్మనీలోని ష్నీబర్గ్ గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు గడ్డల వల్లేనని 1879లోనే వైద్యులు గుర్తించారు. దానికి గనిగాలిలోని రాడాన్ వాయువు కారణమని తర్వాత తేలింది. ఇంత తెలిసీ, అమెరికా నైరుతి రాష్ట్రాల యురేనియం గనుల్లో నవాహో తెగవాళ్ళను సరైన గాలి ఏర్పాటు లేకుండానే దింపారు. 1950 నుంచి ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్ళను పరీక్షిస్తూ వచ్చింది, కానీ దేనికోసం పరీక్షిస్తున్నారో చెప్పలేదు. నష్టపరిహారం చట్టం 1990లో వచ్చింది. అప్పటికి చాలా ఇళ్ళల్లో మిగిలినవాళ్ళు భార్యలూ పిల్లలే.

తెలుగు నేలకు ఈ చరిత్ర యురేనియం రూపంలోనే దగ్గరైంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గనికి 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా వ్యతిరేకించారు. నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో అన్వేషణ ప్రతిపాదనపై చెంచులు మొదలు సినిమావాళ్ళ దాకా గొంతెత్తారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో మాత్రం గని వచ్చింది, 2012లో శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. యురేనియం తీసేశాక మిగిలిన బురద వ్యర్థాల చెరువుకు పోతుంది. చుట్టుపక్కల కె.కె. కొట్టాల, కనంపల్లె వంటి ఊళ్ళ రైతులు బోర్ల నీళ్ళు మారిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతింటున్నాయనీ, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయనీ ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. గని నడిపే యురేనియం కార్పొరేషన్ తమవల్ల కాదంటోంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పుకోవాలి. నీళ్ళల్లో కలిసిన యురేనియం వల్ల మొదటి ముప్పు కిరణాలది కాదు, దాని రసాయన విషానిది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. కాబట్టి ఊరివాళ్ళు అడగాల్సిన ప్రశ్న ‘రేడియేషన్ ఉందా లేదా’ అని కాదు. మా బోరులో ఎన్ని మైక్రోగ్రాములు, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు? బోరు వారీగా, తేదీ వారీగా ఆ అంకెలు తెలుగులో ఊరి పంచాయతీ గోడ మీద ఉండాలి. ఊరికి నమ్మకమున్న మరో ప్రయోగశాలతో కూడా కొలిపించాలి.

గని లేని ఊరికి కూడా ప్రమాదం రావచ్చు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో మూసేసిన ఆసుపత్రి నుంచి పాత క్యాన్సర్ చికిత్సా యంత్రం ఇనుప సామాన్లవాళ్ళ చేతికి చిక్కింది. లోపల నీలంగా మెరిసే సీజియం పొడి. ఇరుగుపొరుగు పంచుకున్నారు, ఒంటికి పూసుకున్నారు. 249 మందికి ఆ పొడి అంటింది, నలుగురు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది కూడా దాదాపు ఇదే. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఏళ్ళుగా వాడకుండా పడివున్న కోబాల్ట్ యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. తుక్కు దుకాణంలో దాన్ని విప్పిన కార్మికుల్లో ఒకరు చనిపోయారు. నియంత్రణ మండలి మన దేశంలో 1983 నుంచి ఉంది. అయినా ఆ వస్తువు దాని లెక్కల్లోంచి జారిపోయింది.

అంకెలు ఎలా దిగివచ్చాయో చూస్తే ఇదంతా ఊరికే పోలేదని తెలుస్తుంది. రేడియేషన్‌తో పనిచేసేవాళ్ళకు 1934లో ఏడాదికి 500 దాకా ఉన్న పరిమితి 1950లలో 50 మిల్లీసీవర్టులకు, 1990లో 20కి దిగింది. మామూలు జనానికి ఏడాదికి 1. స్టెంట్లు వేసే డాక్టర్లకు, వాళ్ళ పక్కన నిలబడే నర్సులకు కంటిపొరలు ముందే వస్తున్నాయని తేలాక 2011లో కంటి పరిమితిని 150 నుంచి 20కి తెచ్చారు. రేడియాలజీ విభాగాల్లో పనిచేసేవాళ్ళు ఛాతీకి పెట్టుకునే చిన్న బ్యాడ్జి ఒంటికి తగిలే డోసు లెక్కకే. దాన్ని మూడు నెలలకోసారి పంపి చదివిస్తారు.

తక్కువ డోసుల మీద వాదం ఇంకా ముగియలేదు. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇసుకలోని మోనజైట్ వల్ల సహజ రేడియేషన్ చాలా ఎక్కువ. అక్కడ దాదాపు 70 వేల మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో క్యాన్సర్లు పెరిగినట్టు తేలలేదు. మరోవైపు ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు కేంద్రాల్లో పనిచేసిన 3,09,932 మంది రికార్డులతో 2023లో వచ్చిన అధ్యయనంలో చిన్న డోసులు కూడబెట్టుకున్నా క్యాన్సర్ మరణాలు పెరుగుతున్నట్టు కనిపించింది. అదే ఏడాది యూరప్‌లో చిన్న వయసులో సీటీ స్కాన్ తీయించుకున్న సుమారు పది లక్షల మందిని చూసిన మరో అధ్యయనం ఒక అంచనా కట్టింది: 10,000 మంది పిల్లలకు స్కాన్ తీస్తే, తర్వాతి 12 ఏళ్ళలో దానివల్ల రక్త సంబంధ క్యాన్సర్ వచ్చేది ఒకరిద్దరికి. తలకు దెబ్బ తగిలిన పిల్లాడికి స్కాన్ వద్దనడానికి ఈ లెక్క పనికిరాదు. అక్కడ స్కానే ప్రాణం నిలుపుతుంది. మామూలు తలనొప్పికి, అమ్మానాన్నల తృప్తికి తీసే స్కానే ఆలోచించాల్సినది.

పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్ డోసు సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ఒక మనిషికి ఏడాదంతా సగటున అందేది 2.4. స్కాన్ ముగిసిన వెంటనే యంత్రం ఆ రోగికి తగిలిన డోసు వివరం తనంతట తానే నమోదు చేస్తుంది. దాన్ని రిపోర్టులో ఒక వరుసగా అచ్చువేయడానికి అదనపు ఖర్చేమీ లేదు. ఒకే రోగి ఒకే నెలలో రెండు మూడు ఆసుపత్రులు తిరిగి ప్రతిచోటా మళ్ళీ స్కాన్ తీయించుకోవడం మన దగ్గర కొత్త కాదు. మొదటి ఫిల్మూ, ఆ అంకే చేతిలో ఉంటే రెండో డాక్టరు అక్కడే ఆగి చూడగలడు.