కంప్యూటర్ లోపలి స్థలం: ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ మైఖేల్ బెనెడిక్ట్ ఆలోచనలు

మైఖేల్ బెనెడిక్ట్ అమెరికాలో ఆస్టిన్ నగరంలోని టెక్సాస్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు ఆర్కిటెక్చర్ బోధించారు. ఇంటర్నెట్ ఇంకా ఇళ్ళలోకి రాని రోజుల్లోనే, కంప్యూటర్ లోపల మనుషులు తిరిగే స్థలం ఎలా ఉండాలి అని ఆలోచించిన ఆర్కిటెక్ట్ ఆయన. ఆయన చెప్పిన సంగతులు మన బీదర్ కట్టడాలను చూస్తే సులువుగా అర్థమవుతాయి.

నిలబడ్డ చోటు నుంచి చూపు

ఒక చోట నిలబడి చుట్టూ తిరిగి చూస్తే ఎంత మేర కనిపిస్తుందో, ఆ స్థలాన్ని ‘ఐసోవిస్ట్’ అంటారు. దీన్ని గణితంతో ఎలా కొలవాలో బెనెడిక్ట్ 1979లో ఒక పరిశోధనా వ్యాసంలో వివరించారు. మహమూద్ గవాన్ మదర్సాలో గదిలో నిలబడితే దగ్గరి గోడలే కనిపిస్తాయి. నడిమి వాకిట్లోకి రాగానే చూపు ఒక్కసారిగా విశాలమవుతుంది. అంటే ఐసోవిస్ట్ పెద్దదయింది.

వీడియో గేమ్ తయారుచేసేవాళ్ళకు కూడా ఇదే లెక్క కావాలి. అన్‌రియల్, యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్లు ఆటగాడి చూపులో పడేదాన్నే గీసి, మిగతాది వదిలేస్తాయి. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని తల తిప్పితే, రెండు కళ్ళకూ రెండు బొమ్మలు వెంటవెంటనే మారుతూ ఉండాలి. ఇవాళ ఆర్కిటెక్ట్‌లు కూడా ఇవే ఇంజిన్లతో, ఇంకా కట్టని ఇంట్లో యజమానిని నడిపించి చూపిస్తున్నారు.

లేని లోకానికి నియమాలు

1987లో బెనెడిక్ట్ ఒక చిన్న పుస్తకంలో, భవనానికి నిజమైన బరువు, పదార్థం, ఉనికి ఉండాలని వాదించారు. అదే మనిషి 1990లో ఆస్టిన్‌లో సైబర్‌స్పేస్ మీద మొదటి సదస్సు జరిపారు. ఆ వ్యాసాలతో 1991లో ‘సైబర్‌స్పేస్: ఫస్ట్ స్టెప్స్’ అనే పుస్తకం వచ్చింది.

ఇందులో వైరుధ్యమేమీ లేదు. అసలు భవనానికి రాయి బరువు, వాన, ఎండ హద్దులు పెడతాయి. కంప్యూటర్‌లో ఆ హద్దులు లేవు కాబట్టి నియమాలు మనమే ఎంచుకోవాలి. ఆయన సూచించిన వాటిలో కొన్ని:

- రెండు వస్తువులు ఒకే సమయంలో ఒకే చోట ఉండరాదు.
- ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళాలంటే మధ్యలో ఉన్న దారి గుండానే వెళ్ళాలి.
- అక్కడ ఉన్న మనిషి ఇతరులకు ఎంతో కొంత కనిపించాలి.
- మనం ఉన్నా లేకపోయినా ఆ లోకం తన దారిన తాను నడవాలి. అప్పుడే అది నిజమనిపిస్తుంది.

మన మదర్సాకు ఏం సంబంధం?

1472లో కట్టిన మన మదర్సా ముందు భాగం కొంత, ఒక మినార్ 17వ శతాబ్దం చివర పేలుడులో పోయాయి. వీఆర్‌లో ఆ మినార్‌ను మళ్ళీ నిలబెట్టొచ్చు. కానీ దాని మీది పలకల రంగులు మిగిలిన మినార్ లాగే ఉండేవా? అది ఊహే. హెడ్‌సెట్‌లో మాత్రం నిజమైన గోడ, ఊహించిన గోడ ఒకేలా కనిపిస్తాయి. చూసిన పిల్లలు రెండూ చరిత్రే అనుకుంటారు. అందుకే ఇలాంటి పనుల కోసం 2006లో ‘లండన్ చార్టర్’ అనే నియమావళి రాశారు. ఆధారం ఉన్నదేదో, ఊహించినదేదో చూసేవాళ్ళకు తెలియాలన్నది అందులోని ముఖ్యమైన మాట.

విద్యార్థులు చేసి చూడండి

కంప్యూటర్ అక్కర్లేదు. నోట్‌బుక్‌లో మన బడి ఆవరణ ప్లాన్ గీయండి. ఒక చుక్క పెట్టి, అక్కడ నిలబడితే కనిపించేంత మేర రంగు వేయండి. మరో రెండు చోట్ల నుంచి కూడా అలాగే చేయండి. ఏ చోటి నుంచి ఎక్కువ కనిపిస్తోంది? ఎందుకు?

తల్లిదండ్రులకు ఒక మాట: గేమ్‌లు ఆడే సమయానికి హద్దు పెట్టాల్సిందే. దాంతోపాటు, “ఈ మలుపు వెనక ఏం దాచారు? ఎందుకు దాచారు?” అని కూడా పిల్లల్ని అడగండి. ఆడే పిల్లలు తయారుచేసేవాళ్ళలాగా ఆలోచించడం అక్కడే మొదలవుతుంది.